తాత పేరు ఏ రికార్డులో ఉంది?

పితృకార్యాలు చేసే ఇళ్లలో మూడు తరాల పేర్లు నోటికి వస్తాయి. తండ్రి, తాత, ముత్తాత. ఆ పైవారిని పేరు చెప్పకుండానే తలుచుకొని నీళ్లు వదులుతారు. ఆ ఆనవాయితీ లేని ఇళ్లలో ముత్తాత పేరేమిటని అడిగితే పెద్దవాళ్లు కూడా కాసేపు ఆలోచించి, "ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు" అని ఊరుకుంటారు. మన సంఘ సభ్యులలో చాలామందికి ఇది అనుభవమే. సర్వీసు రిజిస్టరులో మన తండ్రిగారి పేరు ఉంటుంది. ఫ్యామిలీ పెన్షను కాగితాలలో భార్య పేరు, పిల్లల పేర్లు ఉంటాయి. అంతకంటె వెనక్కు వెళ్లడానికి కాగితమే దొరకదని మనలో చాలామంది అనుకుంటారు. దొరుకుతుంది. ఎక్కడ వెతకాలో తెలియాలి.

నేను చరిత్రకారుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా 2016లో రిటైరైనవాణ్ణి. స్వగ్రామం తడకు దగ్గర, పులికాట్ సరస్సు వైపు. రిటైరైన తరువాత మా ఇంటి భూమి వ్యవహారం ఒకటి నన్ను ఈ పనిలోకి దింపింది. మా పెద్దలు తరతరాలుగా సాగు చేసుకుంటూ వచ్చిన ఎకరా చిల్లర చెక్క ఒకటి ఉంది. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో (మనం ఆర్.ఎస్.ఆర్. అనేది) ఆ సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో చుక్కలు పెట్టి ఉన్నాయి. వీటినే చుక్కల భూములు అంటున్నారు. ఆ రోజు గుమాస్తా కలం మూడుసార్లు ఆనించి వదిలేశాడు. వందేళ్లు గడిచాక అటువంటి భూములు రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధ జాబితాలోకి పోయి, అమ్మడానికి లేదు, బిడ్డకు వ్రాసి ఇవ్వడానికి లేదు. వీటిని సరిచేయడానికి 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. 2023లో ప్రభుత్వం చాలావాటిని ఒకేసారి జాబితా నుంచి తొలగించింది.

2017 చట్టం వచ్చినప్పుడు నేను మా కాగితాలన్నీ చాప మీద పరచుకొని కూర్చున్నాను. మా నాన్న పేరు మీద శిస్తు రశీదులు ఉన్నాయి. మా తాత పేరు మీద 10(1) నకలు ఒకటి ఉంది. అక్కడితో తెగిపోయింది. అప్పటినుంచి నాలుగేళ్లు రికార్డు రూములు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులు, బంధువుల అటకలు తిరిగాను. భూమి సంగతి ఎలా ఉన్నా, ఆ తిరుగుడులో తెలిసిన విషయాలు మన సభ్యులకు, ముఖ్యంగా పిల్లలకు పనికివస్తాయని ఇది వ్రాస్తున్నాను.

మొదటి సంగతి ఏమంటే, ఏ ప్రభుత్వమూ మన వంశం కోసం రికార్డు వ్రాయలేదు. శిస్తు కావలసినప్పుడు, భూమి తీసుకోవలసినప్పుడు, కూలీలు కావలసినప్పుడు, నేరస్థుణ్ణి పట్టుకోవలసినప్పుడు పేరు వ్రాసుకున్నారు. కాబట్టి వెతకవలసింది "మా ముత్తాత ఎవరు" అని కాదు. "మా ముత్తాత దగ్గర సర్కారుకు ఏం కావలసి వచ్చింది" అని. ఈ ప్రశ్న వేసుకుంటే ఏ ఆఫీసుకు పోవాలో దానంతట అదే తేలుతుంది.

రెండవది, ఊరు కదలకపోయినా జిల్లాలు కదులుతాయి. మన తడ సంగతే చూడండి. నెల్లూరు జిల్లా 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ చేతికి వచ్చింది. ఆనాటి నుంచి మనది నెల్లూరే. 1985 మే 25న మండలాలు వచ్చేవరకు సూళ్లూరుపేట తాలూకా. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. ఇప్పుడు కుర్రవాడెవరైనా తాత రికార్డు కోసం తిరుపతి కలెక్టరేటుకు పోతే, పాత దస్త్రం నెల్లూరులో అడగమంటారు. అది వారి తప్పు కాదు, చరిత్ర అలా ఉంది.

మన పక్కనున్న సత్యవేడు వారి కథ ఇంకా విచిత్రం. ఆ ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కూడా మద్రాసులోనే ఉండిపోయింది. హెచ్.వి. పటాస్కర్ గారి సిఫార్సు మీద సరిహద్దులు మార్చే చట్టం 1959లో వచ్చి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయి, సత్యవేడు ప్రాంతం ఇటు చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. ఆ చిత్తూరు జిల్లా అయినా 1911 ఏప్రిల్ 1న పుట్టినదే. అంతకుముందు చిత్తూరు ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. కనుక సత్యవేడు వైపు మనిషి తన ముత్తాతను వెతకాలంటే చెంగల్పట్టు జిల్లా రికార్డు చూడాలి. అది తమిళంలో ఉంటుంది. ఇక తడ దాటితే వచ్చే ఆరంబాకం, గుమ్మిడిపూండి వైపు మన చుట్టాలకైతే, 1997లో తిరువళ్లూరు జిల్లా వేరుపడింది గనుక వాళ్లకు ఇంకో మెట్టు ఎక్కువ. ఇంగ్లీషువారి కాలం నాటి బోర్డు ఆఫ్ రెవెన్యూ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మద్రాసు రికార్డు ఆఫీసు అని మనవాళ్లు పాత అలవాటుతో పిలిచే భవనం అదే.

తమిళ లిపి గురించి ఒక మాట. అందులో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ అంతే. గంగయ్య అని వ్రాసినా కంకయ్య అని చదవవచ్చు. దానిమీద ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినపడినట్లు వ్రాస్తే ఆ పేరు మూడో రూపం దాలుస్తుంది. మన ప్రాంతంలో సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లి పేరు మీద ఇంటికొక చెంగయ్య, చెంగమ్మ ఉంటారు. ఆ ఒక్క పేరు పట్టుకొని పోతే రిజిస్టరులో పది మంది తగులుతారు. తండ్రి పేరు, ఇంటిపేరు, పొలం సరిహద్దులు మూడూ కలిస్తేనే మన మనిషి. నా అనుభవంలో ఈ మూడింటిలో ఎక్కువ నమ్మదగినది సరిహద్దులు. మనుషుల పేర్లు వ్రాసేవాడి చేతిలో మారతాయి. తూర్పున ఫలానా చెరువు కలుజు, దక్షిణాన ఫలానా బాట అన్నది అంత తొందరగా మారదు.

తేదీల చిక్కు ఒకటి ఉంది. పాత లెక్కలన్నీ ఫసలీలో ఉంటాయి. రెవెన్యూలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు గాని పిల్లల కోసం చెబుతున్నాను. ఫసలీకి 590 కలిపితే ఆ జులై 1న మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్ వరకు. ఇళ్లలో దొరికే కాగితాల మీద మాత్రం ప్రభవ, విభవ సంవత్సరాలే ఉంటాయి. అవి అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. ‘రక్తాక్షి సంవత్సర’ అని వ్రాసి ఉంటే అది 1864 కావచ్చు, 1924 కావచ్చు. కాగితం రకం, స్టాంపు, అందులో ఉన్న మనుషులు చూసి తేల్చుకోవలసిందే.

పెద్దవాళ్లు సంవత్సరం చెప్పరు, కరువు చెబుతారు. మా ముత్తాత "ధాత కరువులో పుట్టినవాడు" అని మా ఇంట్లో మాట. ధాత అంటే 1876-77. దక్షిణ దేశమంతా 1878 వరకు మాడిపోయిన కరువు అది. కరువు పనుల కింద మద్రాసులో కూవం, అడయారు నదులను కలుపుతూ కాలువ త్రవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు మొత్తం కాలువకు పెట్టినది ఆ రోజుల్లోనే. మన సరస్సు మీదుగా పోయే కాలువ అదే. కరువు పేరు ఒక్కటి ఇంట్లో నిలిచి ఉండటం వల్ల మా ముత్తాత పుట్టిన సంవత్సరం ఏ రిజిస్టరూ లేకుండానే తెలిసింది. అంతకుముందటిది నందన కరువు, 1832-33. గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసిన కరువు. ఎవరి ఇంట్లోనైనా "మా వాళ్లు ఉత్తరం నుంచి వచ్చారు" అనే మాట ఉంటే ఆ సంవత్సరం ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక నాకు ఎక్కువ పనికివచ్చిన రికార్డు ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను వేసింది. జి.ఎన్. టేలర్ కమిషనరు. మాన్యం ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని ఊరూరా విచారించి, చెల్లుతుందనుకున్న వాటికి కొద్దిపాటి పన్ను కట్టి టైటిల్ డీడు ఇచ్చారు. మాన్యాలు ఎంతవరకు నిజమో తేల్చి రాబడి స్థిరపరచుకోవడమే వారి ఉద్దేశం. మనకు మిగిలినది మాత్రం ఒక్కొక్క మాన్యానికి ఒక పెద్ద వరుస: మొదట ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఇప్పటి అనుభవదారు పేరు, వయసు, ఉండే ఊరు, మొదటివానికి ఇతను ఏమవుతాడు. గుడి అర్చకులు, కరణాలు, మంగలి, చాకలి, నీరుగట్టు, ఊరి కాపలా, అందరి మాన్యాలూ అందులోకి ఎక్కాయి. పెద్ద భూస్వామి ఇంటివారే రికార్డులో ఉంటారనుకోవడం సరికాదు. చాకలి మాన్యం ఉన్న కుటుంబం పట్టా రైతు కంటె రెండు తరాలు వెనక్కి పోగలదు.

మా ఇంటివారికి ఉన్నది దశబంధం ఇనాం. చెరువు గాని బావి గాని త్రవ్వించినవారికి, లేక మరమ్మతు చూసుకుంటూ ఉండేవారికి ఇచ్చే మాన్యం అది. పదో వంతు లెక్క మీద పుట్టిన మాట. నెల్లూరు, కడప, చిత్తూరు వైపు ఇవి ఎక్కువ. కలెక్టరేటు రికార్డు రూములో ఆ పుట తెరిచినప్పుడు ఫసలీ 1270 కింద మా తాత పేరే కనిపించింది. మా తాత పుట్టినది 1900 ప్రాంతంలో. రికార్డేమో 1861 నాటిది. మనవాళ్లకు తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కదా. రిజిస్టరులో ఉన్నాయన మా తాతకు తాత. వయసు గడిలో ఇరవై ఆరు అని ఉంది. పిల్లలు ఈ పని చేసేటప్పుడు ఈ ఒక్కటి మరిచిపోకూడదు: ఒకే పేరు కనిపిస్తే ఒకే మనిషి అనుకోరాదు, రెండు తరాల తేడా ఉండి ఉంటుంది.

మేము వెతుకుతున్న చుక్కల చెక్క ఆ మాన్యానికి ఉత్తరపు హద్దు. మాన్యం ఉన్నవాడు పక్కనున్న బీడు సాగులోకి తెచ్చుకున్నాడు. సెటిల్‌మెంటు వచ్చినప్పుడు మాన్యానికి పేరు పడింది, పక్క చెక్కకు చుక్కలు పడ్డాయి. మాది రైతువారీ గ్రామం గనుక ఈ రికార్డులు ఉన్నాయి. సభ్యులలో వెంకటగిరి సంస్థానం కింద ఉండిన గ్రామాలవారు ఉంటారు. వారికి 1948 ఎస్టేటు రద్దు చట్టం తరువాత ప్రభుత్వం సర్వే చేసి పట్టాలిచ్చిన నాటి రికార్డే మొదటిది. దానికి ముందు జమీందారుకూ రైతుకూ మధ్య పట్టా, ముచ్చిలికా మార్చుకునేవారు. ఆ ముచ్చిలికాలు ఇళ్లలో ఇనప్పెట్టెల అడుగున ఉంటాయి. చాలామంది అవి ఎందుకూ కొరగాని కాగితాలనుకుంటారు.

కాగితాలు పోయిన కథ కూడా చెప్పాలి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయింది. కరణాల ఇళ్లకు వెళ్లి రికార్డు స్వాధీనం చేసుకొని రమ్మని మమ్మల్ని పంపారు. వారసత్వంగా వచ్చిన పదవి రద్దు కావడం సరైనదే, ఇప్పటికీ నా అభిప్రాయం అదే. గాని ఆ లెక్కలు ఎన్నో తరాలుగా ఆ ఇళ్లలోనే ఉండినవి. ఒక పెద్దాయన ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రాలన్నీ వరుసగా పెట్టి, ఏ కట్టలో ఏముందో ఒక్కొక్కటీ చూపించి, రశీదు తీసుకొని మాకు మజ్జిగ ఇచ్చి పంపారు. ఇంకొక ఊళ్లో "తీసుకుపోండి సార్" అని గొడ్లచావిడి చూపించారు. అక్కడ చెదలు తినగా మిగిలినది ఒక జనుపనార సంచెడు. పట్టిక వ్రాసుకున్నదేమో చిట్టా, అడంగలు, నంబరు లెక్కలకే. ఊరి పెళ్లిళ్ల కట్నాల లెక్కలు, గుడి ఉత్సవాల ఖర్చులు, పొలం తగాదాల పంచాయితీ కాగితాలు, కరణం సొంతంగా వ్రాసుకున్న ఊరి చరిత్ర, ఇవేవీ పట్టికలో లేవు గనుక ఆయా ఇళ్లలోనే ఉండిపోయాయి.

కరణం వ్రాసుకున్న ఊరి చరిత్ర అన్నాను. రెండు వందల ఏళ్ల క్రితం కల్నల్ మెకంజీ అటువంటివే ఊరూరా సేకరింపజేశాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన దగ్గర ఆ పని చేసినవారు. వాటినే కైఫియత్తులు అంటాం. తరువాత సి.పి. బ్రౌను వాటికి ప్రతులు వ్రాయించాడు. మన జిల్లా వరకు శాసనాలన్నీ తాలూకాల వారీగా బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో అచ్చువేశారు. ఇటువంటి వాటిలో మన తాతల పేర్లు దొరుకుతాయని ఆశపడవద్దు. ఊరు ఎప్పటినుంచి ఉన్నది, చెరువు ఎవరు కట్టించారు, గుడికి ఎవరు దానం చేశారు అన్నంతవరకే.

ఇంతవరకు చెప్పినదంతా మగవాళ్ల పేర్లే. మా వంశవృక్షం కాగితం మీద గీస్తే ఆరు తరాల మగవాళ్లు వచ్చారు, ఆడవాళ్ల గడులలో మూడింట నేనే చుక్కలు పెట్టవలసి వచ్చింది. అప్పుడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దారి పట్టాను. అక్కడ రెండు రకాల సూచికలు ఉంటాయి, మనుషుల పేర్లవారీగా ఒకటి, ఆస్తివారీగా ఒకటి. ఆడవాళ్లు రెండు సందర్భాలలో దస్తావేజులకు ఎక్కుతారు. ఒకటి, తండ్రి కూతురికి పసుపు కుంకుమ కింద భూమి వ్రాసి ఇచ్చినప్పుడు. రెండు, భర్త చిన్నవయసులో పోయి, మైనరు బిడ్డలకు గార్డియనుగా తల్లి సంతకమో వేలిముద్రో పెట్టినప్పుడు. ముత్తవ్వ పేరు కావాలంటే ఆమె పుట్టింటి ఊరి సర్వే నంబర్లు పట్టుకొని వెతకాలి. మా తాతవాళ్ల అమ్మ పేరు అలాగే దొరికింది, మెట్టినింటి రికార్డులో కాదు, పుట్టింటివారు వ్రాసిన పసుపు కుంకుమ దస్తావేజులో. అందులో ఆమె మామగారి పేరు, ఆయన దశబంధం మాన్యం సంగతి రెండు మాటలు వ్రాసి ఉన్నాయి. తెగిన దారం నాకు కలిసింది అక్కడే.

ఇంకొక పేరు ప్రభుత్వం దగ్గర లేనే లేదు. మా మేనత్త ఆరంబాకం వైపు కోడలు. ఎనభై దాటింది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గాని, చదువుకున్నది తమిళ బడిలో గనుక తెలుగు చదవలేదు. నేను కాగితాల కోసం వచ్చానని చెబితే, "కాయితాలు నాకాడ ఏడుండాయి అబ్బయ్యా, మా అవ్వ సారె బిందె ఉండాది, దానిమీద ఏందో రాసుండాది, నాకు సదవను రాదు" అని వంటింటి మూలనుంచి ఇత్తడి బిందె తెచ్చి పెట్టింది. అంచు చుట్టూ సన్నటి పొడుపు చుక్కలతో పేరు చెక్కి ఉంది. చింతపండుతో తోమితే సంవత్సరం పేరుతో సహా బయటపడింది. మా ధాత కరువు ముత్తాతకు తల్లి, అంటే రిజిస్టరులోని ఇరవై ఆరేళ్ల మనిషికి భార్య. ఆమె పుట్టింటివారు సారెలో పెట్టిన బిందె చేతులు మారి ఆడబిడ్డల వెంట సరిహద్దు దాటి పోయింది. నేను చదివి వినిపిస్తే మా అత్త, "నా పేరే గదరా అది" అంది. నిజమే, అవ్వ పేరే ఆమెకూ పెట్టారు. సభ్యులకు మనవి, ఇళ్లలో పాత ఇత్తడి, రాగి సామాను తూకానికి వేసే ముందు అంచులు ఒకసారి చూడండి. పెళ్లిళ్లలో చదివించినవారి పేర్లు, తేదీలు వాటి మీద చెక్కించడం మన ఇళ్లన్నిటా ఉన్న పద్ధతి.

భూమి లేనివారి సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మన సరస్సు ఒడ్డున ఉన్న పట్టపువారు, యానాదులు ఎంత పాతవారో మనకంటె ఎక్కువ. అడంగలులో వారి పేరు కనపడదు. శ్రీహరికోట దీవిని 1835లో సర్కారు తీసుకున్నది మద్రాసుకు వంటచెరకు కోసం. అడవిలో యానాదులు ఉన్నారని అప్పుడు రికార్డుకెక్కింది. మనుషులుగా కాదు, కట్టెలు కొట్టే చేతులుగా. తరువాత నేరతెగల చట్టం మద్రాసు రాజధానికి 1911లో వచ్చినప్పుడు జిల్లాలో కొందరు యానాదుల పేర్లు పోలీసు రిజిస్టర్లలో వేలిముద్రలతో పడ్డాయి. ఆ చట్టం 1952లో రద్దయింది. ఒక కుటుంబానికి తమ తాత పేరు పోలీసు రిజిస్టరులో తప్ప మరెక్కడా లేకపోవడం ఎటువంటిదో ఆలోచించండి. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేసి, 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ వదిలారు. ప్రభుత్వం భూమి తీసుకున్నచోట భూసేకరణ అవార్డు ఉంటుంది, అందులో నష్టపరిహారం పుచ్చుకున్నవారి పేర్లు ఉంటాయి. పట్టా లేనివాడు అక్కడా కనిపించడు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఊళ్లో ఉండిపోయిన కూలివాడికి కాగితం లేదు, ఊరు విడిచి సముద్రం దాటిన కూలివాడికి ఉంది. చెరకు తోటలలో పనికి మద్రాసు రేవు నుంచి నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు లక్షా యాభై రెండు వేల మంది పోయారు. వారిలో తెలుగువారు చాలామంది, మన నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాలవారు ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. మారిషస్‌కు పోయినవారి రికార్డు మోకా అనే చోట మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉంది. కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. ఫిజీకి మద్రాసు నుంచి 1903లో ఓడలు మొదలయ్యాయి. వారికీ ఎమిగ్రేషను పాసులు ఉన్నాయి. అక్కడి మునిమనవళ్లు ఆ పాసు నకలు చేత పట్టుకొని ఇక్కడికి వస్తారు. వారి దగ్గర ఊరి పేరు ఉంటుంది, అదీ ఇంగ్లీషు గుమాస్తా విన్నట్లు. మన దగ్గర ఊరు ఉంటుంది, వెళ్లిపోయినవాడి పేరు ఉండదు. ఎవరి ఇంట్లోనైనా "మా తాత తమ్ముడు ఒకాయన రంగూన్ పోయాడో, ఎక్కడికి పోయాడో మళ్లీ రాలేదు" అనే మాట ఉంటే ఆ పేరు, తండ్రి పేరు ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి.

మన పక్కనే పులికాట్‌లో డచ్చివారి సమాధులు ఉన్నాయి. 1613లో వాళ్లు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు, 1825లో ఇంగ్లీషువారికి వదిలి పోయారు. పదిహేడో శతాబ్దంలో చనిపోయిన వర్తకుడి పేరు, తేదీ రాతి మీద ఇప్పటికీ చదువుకోవచ్చు. అదే రేవు నుంచి బానిసలుగా బటావియాకు ఓడలెక్కించిన మనవాళ్లకు ఊరి దగ్గర ఒక రాయి కూడా లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. జనాభా లెక్కలు 1871 నుంచి ఉన్నా, వాటిలో మనకు అందేవి అంకెలే, ఇంటింటి పేర్లు కావు. జనన మరణ రిజిస్టర్లు పాతవి దొరికినచోట చూడండి. గాని బిడ్డకు పేరు పెట్టక ముందే నమోదు చేస్తారు గనుక ‘మగశిశువు’, ‘ఆడశిశువు’ అనే ఉంటుంది, తండ్రి పేరుతో పోల్చుకోవాలి. మరణాల పుటలు అంతకంటె మేలు, మనిషి పేరు ఉంటుంది. బడి అడ్మిషను రిజిస్టరులో పుట్టిన తేదీని మాత్రం నమ్మవద్దు. అయ్యవార్లు చాలామందికి జులై 1 వేసేవారు. మన సంఘంలో జూన్ 30న రిటైరైనవారు ఎంతమందో లెక్కపెడితే ఈ మాట అర్థమవుతుంది. కాశీ, గయ వెళ్లినవారు అక్కడి తీర్థపురోహితుల పుస్తకాలు అడగండి. మన జిల్లా పేరు, ఇంటిపేరు చెబితే ముందు వచ్చిపోయినవారి సంతకాలు చూపిస్తారు. ఇక ఏ ఆఫీసులోనైనా నకలు కావాలంటే ఊరు, పాత తాలూకా, ఫసలీ, సర్వే నంబరు దరఖాస్తులోనే వ్రాయండి. ‘మా పూర్వీకుల వివరాలు ఇప్పించగలరు’ అని వ్రాస్తే ఏ రికార్డు కీపరూ ఏమీ చేయలేడు. మనం కూడా ఆ కుర్చీలలో కూర్చున్నవాళ్లమే కదా. 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది గనుక జవాబు రాకపోతే అడిగే దారి కూడా ఉంది.

చుక్కల చెక్క విషయం అడిగే మిత్రుల కోసం: పసుపు కుంకుమ దస్తావేజు, ఇనాం రిజిస్టరు నకలు, తాతగారి 10(1) జతచేసి దరఖాస్తు పెట్టాను. అది విచారణలో ఉండగానే 2023లో జాబితా నుంచి తొలగించిన వాటిలో మా నంబరు కూడా వచ్చింది. కాగితాలు వృథా కాలేదు. రీసర్వే వారు హద్దు అడిగినప్పుడు ఉత్తరపు గట్టు ఎక్కడిదో వాటినిబట్టే చూపించాం.

సభ్యులలో కరణం, మునసబు కుటుంబాలవారు ఉంటే, ఇంట్లో మిగిలిన దస్త్రాలు ఏ స్థితిలో ఉన్నా పారవేయవద్దని మనవి. వేపాకు వేసి ఎండ తగలని చోట పెట్టండి. చదవడానికి కష్టంగా ఉన్న గొలుసుకట్టు వ్రాత అయితే నాకు కబురు చేయండి. మంగళ, శుక్రవారాలు తప్ప మిగతా రోజులు ఉదయం పూట ఖాళీగానే ఉంటాను. భూతద్దం నా దగ్గర ఉంది.